మూడొందల పెళ్లి కార్డులూ సైటులో పెట్టాలా?

ఈసారి ఒడిశా వైపు నుంచి, బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం నుంచి, డిజైన్ పని చేసేవాళ్ల ఉత్తరాలే ఎక్కువ వచ్చాయి. అందరిదీ దాదాపు ఒకటే గొడవ: సొంతంగా పోర్ట్‌ఫోలియో వెబ్‌సైట్ పెట్టుకోవాలి, అది ఎలా ఉండాలి? అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి వాయిదా వేసి ఇవే తీసుకున్నాం. అసలు పోర్ట్‌ఫోలియో అంటే ఏమిటని అడిగినవాళ్లూ ఉన్నారు. మీరు చేసిన పనుల్లోంచి కొన్ని ఏరి, మీకు పని ఇవ్వబోయేవాళ్లకి చూపించేది, అంతే.

ప్రశ్న: బరంపురంలో పన్నెండేళ్లుగా డీటీపీ, డిజైన్ పని చేస్తున్నాను. పెళ్లి కార్డులు, కొట్ల బోర్డులు, లోగోలు, పాంప్లెట్లు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటిలోనూ చేస్తాను. ఫేస్‌బుక్‌లో మూడొందల పైచిలుకు డిజైన్లు పెట్టాను, లైకులొస్తాయి గాని కొత్త పార్టీలు రావడం లేదు. అన్నీ కలిపి సైటు చేయిద్దామంటే మా బావమరిది ‘పది చాలు బావా’ అంటున్నాడు. మిగతావన్నీ పారేయమంటారా గురువుగారూ?
– ఒక డీటీపీ డిజైనర్, బరంపురం

జవాబు: మీ బావమరిది మాట వినండి. నన్నడిగితే పది కూడా ఎక్కువే, ఏడెనిమిదితో మొదలుపెట్టండి. మీ ఊళ్లో పట్టుచీరల కొట్టుకి వెళ్తే కొట్టాయన బీరువాలన్నీ దించేయడు కదా, మనిషిని చూసి, పెళ్లికా పేరంటానికా అని ఒక మాట అడిగి, నాలుగు చీరలు విప్పి పరుస్తాడు. మీ సైటు చేయాల్సిన పనీ అదే. మూడొందలు పరిచినా చూసేవాడు అన్నీ చూడడు, వేలికి తగిలిన రెండు మూడు చూస్తాడు, వాటిలో ఒకటి మీరు ఎప్పుడో అర్ధరాత్రి హడావిడిలో చేసిచ్చిన కోచింగ్ సెంటర్ పాంప్లెట్ అయిందా, మీ పనితనం అంతే కాబోలు అనుకుని వెళ్లిపోతాడు.

ఏవి ఉంచాలో తేల్చుకోవడానికి లైకుల లెక్క చూడకండి. ఇకమీదట ఎలాంటి పని రావాలని మీకుందో అలాంటివే ఉంచండి. పాంప్లెట్లు చేసి చేసి విసుగొచ్చింది, ప్యాకింగ్ పని కావాలి అనుకుంటే పాంప్లెట్ ఒక్కటి కూడా వద్దు, పెడితే మళ్లీ పాంప్లెట్లే వస్తాయి.

ఇక ఏరినవాటికి బొమ్మ ఒక్కటే పెట్టి వదిలేస్తే ఫేస్‌బుక్‌కీ దీనికీ తేడా ఏముంది? ప్రతి దాని పక్కనా ఐదారు వాక్యాలు రాయండి: పార్టీకి ఏం కావాల్సొచ్చింది, చిక్కు ఎక్కడొచ్చింది, మీరేం చేశారు, అలాగే ఎందుకు చేశారు. ఉదాహరణకి రెండు భాషల పెళ్లి కార్డు తీసుకుందాం. అమ్మాయి వాళ్లు మన తెలుగువాళ్లు, అబ్బాయి వాళ్లు ఒడియావాళ్లు, కార్డు మాత్రం ఒకటే. ఎవరి భాష పైన ఉండాలన్నది ఇరువైపులా పెద్దలకి పట్టింపు. తెలుగు వైపు ఇంటిపేర్లతో సహా ఎనిమిది మంది పెద్దల పేర్లు, ఒడియా వైపు నలుగురివే, పక్కపక్కన పెడితే ఒకవైపు కిక్కిరిసి, ఇంకోవైపు బోసిగా ఉంటుంది. దానికి తోడు రెండు ఫాంట్లకీ ఒకే పాయింట్ సైజు ఇచ్చినా చూడ్డానికి ఒకే సైజులా ఉండవు, ఒకటి చిన్నగా కనబడుతుంది, వెంటనే ‘మా అబ్బాయి పేరు చిన్నగా వేశారేం’ అని ఫోన్ వస్తుంది. మీరు ఆ కార్డుని మధ్యకి తెరుచుకునేలా మడత మార్చి, వధూవరుల పేర్లని పాయింట్ సైజు చూసి కాకుండా స్కేలు పెట్టి కొలిచి సమానం చేసి, పెద్దల పేర్లు లోపలి పేజీకి పంపి ఉంటే, సరిగ్గా ఆ ముక్కే రాయండి. చదివిన మనిషికి ఈయన చేతిలో పెడితే ఇంట్లో గొడవ రాదని అర్థమవుతుంది. ‘సృజనాత్మకతకు చిరునామా’ లాంటి మాటలు ఎన్ని రాసినా ఆ నమ్మకం రాదు.

ఫోటో విషయం. స్క్రీన్ మీద డిజైన్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టకండి, ప్రింటయిన కార్డుని పగటి వెలుతురులో చేత్తో పట్టుకుని తీయండి, కాగితం మందం, బంగారు రేకు మెరుపు తెలియాలి. కార్డు మీద ఉన్న ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు కనబడకుండా చేసి, ఆ కుటుంబాన్ని ఒక మాట అడిగి మరీ పెట్టండి.

ఇంకో సంగతి. మూడు లిపుల్లో పని చేస్తానని మీ ఉత్తరంలో ఎక్కడో మూడో వాక్యంలో చెప్పారు. అది సైటు తెరవగానే పైన ఉండాల్సిన మాట! ‘బరంపురంలో ఉంటాను, తెలుగు, ఒడియా, ఇంగ్లీషుల్లో పెళ్లి కార్డులు, ప్యాకింగ్, కొట్ల బోర్డులు డిజైన్ చేస్తాను’ అని ఒక్క వాక్యం, కింద రెండు మంచి పనులు. మిగతావన్నీ పారేయక్కర్లేదు, ఫోల్డర్లు కట్టి దాచుకోండి, ‘గృహప్రవేశానికి ఏమైనా చేశారా’ అని ఎవరైనా అడిగినప్పుడు వాట్సాప్‌లో పంపొచ్చు.

ప్రశ్న: మాది జయపురంలో చిన్న ప్రెస్సు. పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో చేసిన తెలుగు మేటరు సైటులో పేస్ట్ చేస్తే పిచ్చి పిచ్చి గుర్తులు వస్తున్నాయి. విసిగిపోయి అంతా జేపెగ్ బొమ్మలుగా పెట్టేశాం. సైటు చూడ్డానికి బాగానే ఉంది. ఏమైనా ఇబ్బందా?
– ఒక ప్రెస్సు యజమాని, జయపురం

జవాబు: ఇబ్బందే. ముందు గుర్తుల సంగతి చెప్తాను. ఆ పాత ఫాంట్లలో కంప్యూటర్ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లే, వాటి బొమ్మల స్థానంలో తెలుగు అక్షరాల ముక్కలు గీసి పెట్టారు. ఆ ఫాంటు ఉన్న మెషీన్‌లో తెలుగులా కనబడుతుంది, లేనిచోట అసలు రంగు బయటపడుతుంది. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉంటుంది. కాబట్టి మేటరుని యూనికోడ్‌లోకి మార్చండి, కన్వర్టర్లు దొరుకుతాయి. మార్చాక మాత్రం ఒకరు కూర్చుని ప్రూఫ్ దిద్దాలి, వత్తులు, విరామ చిహ్నాల దగ్గర తప్పులు దొర్లుతాయి.

బొమ్మలుగా పెడితే గూగుల్‌లో వెతికేవాళ్లకి మీ సైటు దొరకడం కష్టం, చూపు లేనివాళ్ల ఫోన్ ఆ బొమ్మని చదివి వినిపించలేదు, ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనబడతాయి. లోగో ఒక్కటి బొమ్మగా ఉన్నా పరవాలేదు, ఎంత పెద్దది చేసినా మసకబారని ఎస్‌వీజీ ఫైలుగా పెట్టి, అదేమిటో చెప్పే చిన్న వివరణ కోడ్‌లో రాయించండి.

ఫాంట్ల కరువేం లేదిప్పుడు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా నోటో సాన్స్ తెలుగు, మండలి, మల్లన్న, రామభద్ర, ఎన్టీఆర్, సురవరం, గిడుగు, ఇంకా చాలా ఉన్నాయి. చదివే మేటరుకి మండలి గాని నోటో గాని, హెడ్డింగుకి రామభద్ర లాంటి లావుపాటిది, ఇది నా రుచి. మీ దగ్గర ఒడియా కూడా కావాలి కాబట్టి అనేక్ అనే ఫాంటు చూడండి, తెలుగు, ఒడియా, ఇంగ్లీషు అన్నీ ఒకే చేతి తయారీలా కలిసిపోతాయి. బాలూ కూడా అలాంటిదే, అందులో తెలుగుది తమ్ముడు, ఒడియాది భాయినా.

ఫాంటు మార్చగానే అయిపోలేదు. రెడీమేడ్ టెంప్లేట్లన్నీ ఇంగ్లీషుని దృష్టిలో పెట్టుకుని చేసినవి, వరసకీ వరసకీ మధ్య ఎడం తక్కువ ఇస్తారు. మీ సైటులో ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ అని రెండు మాటలు టైప్ చేసి చూడండి, వత్తు కింద వత్తు దిగి కింది వరస గుడిని గుద్దుకుంటుంది, బటన్ మీద రాసినదైతే వత్తు సగానికి తెగిపోతుంది. వరస ఎత్తు అక్షరం సైజుకి 1.6 నుంచి 1.8 రెట్లు ఇమ్మనండి. హెడ్డింగుల్లో ఇంగ్లీషు అక్షరాలని ఎడంగా జరిపే సోకు ఒకటుంది, తెలుగుకి దాన్ని సున్నా చేయించండి, లేకపోతే మాట విడిపోయి పళ్లూడినట్టుంటుంది. తెలుగు పేజీకి తెలుగనీ, ఒడియా పేజీకి ఒడియా అనీ కోడ్‌లో భాష గుర్తు పెట్టించండి, ఫోన్ చదివి వినిపించేటప్పుడు అది పనికొస్తుంది. ఫాంటులో మామూలుది, లావుది రెండు చాలు, సంయుక్తాక్షరాల వల్ల మన ఫాంట్ల ఫైళ్లు ఇంగ్లీషువాటికంటే బరువు.

ప్రశ్న: బరంపురంలో ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి ఏజెన్సీ పెట్టాం. సైటులో ‘మా నిపుణుల బృందం’ అని రాసి, ఇంటర్నెట్‌లో దొరికిన ఆఫీసు ఫోటోలు పెట్టాం. బరంపురం అడ్రస్ పెడితే వైజాగ్, భువనేశ్వర్ పార్టీలు చిన్నచూపు చూస్తారేమోనని టెన్షన్. ఏమంటారు అన్నా?
– ముగ్గురిలో ఒకడు

జవాబు: ఆ ఫోటోలు నేనూ చూశాను తమ్ముడూ, గాజు గోడల గదిలో సూట్లు వేసుకున్న తెల్లవాళ్లు నవ్వుతూ చేతులు కలుపుకుంటున్నారు. మీ ఆఫీసుకొచ్చిన పార్టీ ఆ గది ఎక్కడుందని అడిగితే ఏం చెప్తారు?

ఒంటరి డిజైనర్ సైటులో జనం చేతిపని చూస్తారు. ఏజెన్సీ సైటులో దానితోపాటు ఇంకోటి వెతుకుతారు: నా పని ఎవరి చేతిలో పడుతుంది, ఎన్నాళ్లు పడుతుంది, మధ్యలో ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు. ముగ్గురి ఫోటోలు, పేర్లు, ఎవరేం చేస్తారో పెట్టండి. పని మొదలయ్యాక మొదటి వారం ఏం జరుగుతుంది, ఎన్ని నమూనాలు చూపిస్తారు, ఎన్నిసార్లు మార్చి ఇస్తారు, అడ్వాన్స్ ఎంత, ఇవి మామూలు మాటల్లో రాయండి. మార్పుల సంఖ్య ముందే రాసుకున్నవాడికి తర్వాత తలనొప్పి తక్కువ. ధర చెప్పాలా వద్దా అని ప్రతి ఏజెన్సీలోనూ వాదన నడుస్తుంది, నా మటుకు ‘ఇంత నుంచి మొదలు’ అని రాయడమే నయం, బేరానికే వచ్చేవాళ్లు ముందే తప్పుకుంటారు.

‘మా క్లయింట్లు’ అని ఇరవై కంపెనీల లోగోలు వరసగా అతికించడం ఒకటుంది. పెద్ద కంపెనీ లోకల్ డీలర్‌కి ఒక దీపావళి బ్యానర్ చేసి, ఆ కంపెనీ లోగో గోడకెక్కిస్తే తెలిసినవాడు నవ్వుకుంటాడు. ఐదు లోగోలు పెట్టినా, ఒక్కోదాని కింద ఏం చేశారో ఒక ముక్క ఉండాలి.

అడ్రస్ తప్పకుండా పెట్టండి. బరంపురం చెన్నై-హౌరా మెయిన్ లైను మీద ఉంది, అటు భువనేశ్వర్, ఇటు వైజాగ్, రెండు రాష్ట్రాల మార్కెట్లూ, రెండు భాషల కొనుగోలుదారులూ మీకు తెలుసు. ఒడిశాలో సరుకు అమ్ముకోవాలనుకునే వైజాగ్ కంపెనీకి ఒడియాలో ప్యాకెట్ మీద ఏం రాయాలో చెప్పగలిగేది మీరే కదా, అది దాచిపెట్టి పెద్ద సిటీ ఏజెన్సీలా నటించడం దేనికి?

చివరగా, తొమ్మిది గడులున్న ఆ కాంటాక్ట్ ఫారం తీసేయండి, ‘మీ బడ్జెట్, మీ విజన్’ అన్నీ నింపే ఓపిక ఎవరికుంది? ఫోన్ నంబరు, నొక్కితే వాట్సాప్ తెరుచుకునే బటన్, ఒక ఈమెయిల్. మీ లింకు వాట్సాప్‌లో పంపినప్పుడు పైన కనబడే బొమ్మ కూడా చూసుకోండి, 1200 పిక్సెళ్ల వెడల్పు, 630 ఎత్తుతో మీ మంచి పని ఒకటి పెట్టించండి. చాలామంది మీ సైటుని మొదట చూసేది ఆ చిన్న డబ్బాలోనే.

ప్రశ్న: సైటు తెరవగానే మా లోగో గిరగిరా తిరుగుతూ వచ్చే వీడియో పెట్టాం, చాలా ఖర్చయింది. కొండల మీది ఊళ్ల నుంచి చూసేవాళ్లు ‘తెరుచుకోవట్లేదు’ అంటున్నారు. తీసేయాలంటే మనసు ఒప్పడం లేదు.
– రాయగడ నుంచి

జవాబు: తీసేయండి. గూగుల్ పెట్టుకున్న కొలత ప్రకారం పేజీలో ముఖ్యమైన బొమ్మో మేటరో 2.5 సెకన్లలోపు కనబడాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు కదలిక రావాలి. అదీ వందలో కనీసం డెబ్బై ఐదు సార్లు. నొక్కుడు కొలత 2024 మార్చిలో చేర్చారు. వీడియో కావాలంటే ఆ పని వివరంగా చెప్పే పేజీలో, నొక్కితేనే ఆడేలా ఉంచండి.

వీడియో తీశాక ఫోటోల మీద పడండి. కెమెరా నుంచి వచ్చిన ఆరేడు ఎంబీల ఫోటో అలాగే ఎక్కించేస్తుంటారు. వెడల్పు 1600 పిక్సెళ్లకి తగ్గించి, వెబ్‌పీ గాని ఏవీఐఎఫ్ గాని, అంటే తేలికపాటి ఫోటో ఫార్మాట్లలోకి మారిస్తే కంటికి తేడా తెలియకుండా బరువు బాగా తగ్గుతుంది. కింద ఉండే ఫోటోలు కిందికి జరిపినప్పుడే వచ్చేలా పెట్టించండి, పైన మొట్టమొదటి ఫోటోకి మాత్రం ఆ ఏర్పాటు వద్దు, అదే ఆలస్యమవుతుంది. ఆఫీసు వైఫైలో చూసి తృప్తిపడకుండా, మామూలు ఫోన్‌లో, మొబైల్ డేటా మీద, ఎండలో నిలబడి చూడండి. తెల్ల పేజీ మీద లేత బూడిదరంగు అక్షరాలు ఆ ఎండలో కనబడవు. అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5కి 1 ఉండాలన్నది వెబ్ ప్రమాణం, పెద్ద అక్షరాలకి 3కి 1.

ప్రశ్న: భువనేశ్వర్‌లో డిజైన్ కోర్సు చదివి ఇంటికొచ్చాను. క్లయింట్ పని ఒక్కటీ లేదు. పేరున్న బ్రాండు లోగోని నా పద్ధతిలో మళ్లీ చేసి పోర్ట్‌ఫోలియోలో పెట్టొచ్చా?
– ఒక అమ్మాయి, పర్లాకిమిడి

జవాబు: పెట్టొచ్చమ్మా, ‘ఇది నా సాధన కోసం చేసింది, కంపెనీ అడగలేదు’ అని పైనే రాస్తే చాలు. కాకపోతే కొత్తగా చదివి వచ్చిన ప్రతివాళ్ల సైటులోనూ ఒక కాఫీ కంపెనీ, ఒక బూట్ల కంపెనీ ఉంటాయి, చూసేవాళ్లకి అలవాటైపోయింది.

మీ ఊళ్లో కొమ్ముతో పక్షులు, జంతువులు, దువ్వెనలు చేసే పనివాళ్లున్నారు. ఆ సరుకు బయట ఊళ్లో చూసినవాళ్లు ప్లాస్టిక్ అనుకోవచ్చు, వెంట చీటీ ఉంటే ఆ అనుమానం తీరుతుంది. ఒకాయన దగ్గర కూర్చుని, ఆ బొమ్మకి కట్టే చీటీ, విరగకుండా పంపే డబ్బా, మూడు భాషల్లో ఒక పేజీ ధరల పట్టీ చేయండి. ఊరికే చేయకండి, కొంచెమైనా డబ్బు తీసుకోండి, అప్పుడే ఆయన నచ్చంది నచ్చలేదని చెప్తాడు. మొదటి నమూనా చూసి ఆయన ఏమన్నాడో, దాంతో మీరేం మార్చారో, కాగితం మీద పెన్సిల్ గీతలతో సహా పెట్టండి. కొత్తవాళ్లని తీసుకునేవాళ్లు ఆ గీతలే వెతుకుతారు. కొమ్ముకి మెరుపెక్కువ, ఫ్లాష్ వాడితే తెల్ల మరక పడుతుంది, కిటికీ పక్కన పెట్టి తీయండి.

ప్రశ్న: వైజాగ్‌లో ఒక ఏజెన్సీలో నాలుగేళ్లు చేసి మానేసి ఊరొచ్చేశాను. అక్కడ చేసిన డిజైన్లు నా సైటులో పెట్టుకుంటే కేసు పెడతారా?
– బరంపురం నుంచి ఇంకొకరు

జవాబు: 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. 57వ సెక్షన్ కింద ‘ఇది చేసింది నేను’ అని చెప్పుకునే హక్కు మీకు ఉంటుంది గాని, బొమ్మని మళ్లీ ప్రచురించే హక్కు దాంతోనే వచ్చేసినట్టు కాదు. మీ అపాయింట్‌మెంట్ లెటర్ చదవండి, తర్వాత పాత బాస్‌కి ఫలానా మూడు పనులు చూపించుకోవచ్చా అని మెయిల్ పెట్టండి. సామరస్యంగా విడిపోయినవాళ్లకి చాలాసార్లు సరేనంటారు. ఇంకా బయటికి రాని పనులు మాత్రం ముట్టుకోవద్దు. పెట్టినప్పుడు మీ వాటా ఎంతో రాయండి: ‘లోగో నా సీనియర్ చేశారు, ప్యాకెట్ మీద తెలుగు అక్షరాల అమరిక నాది’. ఇంటర్వ్యూలో అవతలివాళ్లు ఆ సీనియర్‌కే ఫోన్ చేస్తే?

ప్రశ్న: మా సైటు చేసిన కుర్రాడు డొమైన్ పేరు, అంటే సైటు అడ్రసు, తన అకౌంట్‌లో కొన్నాడు. ఇప్పుడు బెంగళూరు వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడం లేదు. డిజైనర్లు తమ పనులు చూపించుకునే బిహాన్స్ సైటులో పెట్టుకుంటే సరిపోదా?
– ఒక ఫోటోగ్రాఫర్, గుణుపురం

జవాబు: బిహాన్స్ మంచిదే, ఉచితం, 2012 నుంచి అడోబీ వాళ్ల చేతిలో ఉంది, డిజైనర్లని వెతికేవాళ్లు అక్కడికి వస్తారు. అది పెట్టుకుంటూనే సొంత పేరు కూడా ఉంచుకోండి, ఎందుకంటే అక్కడ మీ పని పక్కనే ఇంకొకరి పని కనబడుతూ ఉంటుంది. ముందు ఆ కుర్రాడికి మంచిగా మెసేజ్ పెట్టి, డొమైన్‌ని మీ అకౌంట్‌కి మార్చమనండి, చాలాసార్లు అది బద్ధకమే గాని దురుద్దేశం కాదు. అతనికి తెలిసినవాళ్ల ద్వారా కూడా అడిగించండి. ఎంతకీ కాకపోతే డాట్ ఇన్‌లో కొత్త పేరు మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో మీరే కొనండి. డాట్ భారత్ అని తెలుగులోనూ పేరు దొరుకుతుంది గాని మీ ఒడియా పార్టీలు తెలుగు టైప్ చేయలేరు, అది రెండోదిగా ఉంచుకోండి. కొత్త పేరు విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించేముందు గడువు దానంతటదే పొడిగేలా ఆటో రెన్యువల్ పెట్టారో లేదో ఒకసారి చూసుకోండి.